ఫిలీస్ ఓటమిని ఆ కుర్రాడి ఒక్కడి నెత్తిన రుద్దకండి

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు 9న లాస్ ఏంజలెస్‌లో డాడ్జర్స్ చేతిలో ఓడి మా ఫిలడెల్ఫియా ఫిలీస్ 2025 సీజన్‌ను ముగించిన వార్త మీ క్రీడల పేజీలో అడుగున చిన్నగా వచ్చింది. తెలుగు పేపర్లో బేస్‌బాల్‌కి ఆ మాత్రం చోటు దొరకడం సంతోషమే. కానీ అది చదివినవాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే, ఓరియన్ కెర్కరింగ్ అనే రిలీఫ్ పిచ్చర్ (బేస్‌బాల్లో బంతి వేసేవాడు పిచ్చర్, ఆట మధ్యలో అతని బదులు దిగేవాడు రిలీఫ్ పిచ్చర్) బంతిని ఒకచోటికి విసరాల్సింది ఇంకోచోటికి విసిరి జట్టు కొంప ముంచాడని. ఇక్కడి టీవీల్లోనూ అదే మాట, ఆఫీసులోనూ అదే మాట, మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అయితే అంతకు మించి అన్నారు, అవన్నీ పత్రికకు రాసే మాటలు కావు. నేను ఫిలడెల్ఫియా పక్కన ఎక్స్‌టన్‌లో ఉంటాను. 2007లో ఉద్యోగానికని ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఈ జట్టును, ముఖ్యంగా ఈ జట్టు రిలీఫ్ పిచ్చర్లను, ఊపిరి బిగబట్టి చూస్తున్నవాణ్ణి. ఆ కుర్రాడి మీద పడ్డ నింద న్యాయం కాదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైనా చివరిదాకా చదవండి.

ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సిన మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌కి వెళ్లింది, స్కోరు 1-1. బంతి హెసూస్ లుజార్డో చేతిలో ఉంది. అతను మామూలుగా స్టార్టర్, అంటే ఆట మొదలుపెట్టే పిచ్చర్. ఓడితే ఇంటికి పోవాల్సిన మ్యాచ్ కాబట్టి అతన్ని కూడా రిలీఫ్‌కి దించారు. అతని మీద టామీ ఎడ్మన్ ఒక సింగిల్ (అంటే కొట్టి మొదటి బేస్ చేరడం), మ్యాక్స్ మన్సీ ఒక సింగిల్ కొట్టారు. ఇద్దరు అవుటయ్యారు (ముగ్గురైతే ఇన్నింగ్స్ ముగుస్తుంది), ఇద్దరు బేసుల మీద నిలబడి ఉన్నారు, అప్పుడు కెర్కరింగ్‌ను పిలిచారు. అతనికి 24 ఏళ్లు. వచ్చీ రాగానే ఒకర్ని వాక్‌గా వదిలాడు, అంటే సరైన బంతులు వేయలేక ఊరికే మొదటి బేస్ ఇచ్చేశాడు, బేసులన్నీ నిండిపోయాయి. తర్వాత ఆండీ పాహెస్ కొట్టిన బంతి నేలమీద నేరుగా పిచ్చర్ దగ్గరికే వచ్చింది. మొదటిసారికి చేతికి చిక్కలేదు, కాళ్ల దగ్గర పడింది. వంగి తీసుకున్నాడు. ఫస్ట్ బేస్‌కి విసిరితే ఇన్నింగ్స్ అయిపోయేది, అంత టైమ్ ఉంది. మన వికెట్ కీపర్‌లా వెనక కూర్చునే క్యాచర్ రియల్‌ముటో ఫస్ట్ వైపే చెయ్యి చూపిస్తున్నాడు. కుర్రాడు మాత్రం హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు, బేసులన్నీ చుట్టి దాన్ని తొక్కితే పరుగు) వైపు విసిరాడు, అది క్యాచర్‌కి అందకుండా పోయింది, మూడో బేస్ నుంచి హేసాంగ్ కిమ్ వచ్చి ప్లేట్ తొక్కాడు. సీజన్ అయిపోయింది. డాడ్జర్స్ వాళ్లు గంతులేస్తుంటే అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి అలాగే ఉండిపోయాడు, మేనేజర్ రాబ్ థామ్సన్ వచ్చి దగ్గరకు తీసుకున్నాడు.

మా ఇంట్లో నలుగురైదుగురు ఫ్రెండ్స్ ఉన్నారు, అందరూ ఒక్కసారిగా తిట్లు లంకించుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి మా దగ్గరే ఉన్న మా నాన్నగారు, బేస్‌బాల్ అంటే ఈ ఒక్క అక్టోబరులో చూసిందే, ఒకటే అడిగారు. "ఆ ఇద్దర్నీ బేసుల మీదికి పంపింది వీడు కాదుగా, వీణ్ణెందుకురా తిడతారు?"

అదే అసలు ప్రశ్న. బేస్‌బాల్ రూల్ బుక్ కూడా ఆ మాటే అంటుంది. పరుగు చేసిన మనిషిని బేస్ మీదికి ఎక్కించిన పిచ్చర్ ఖాతాలోనే ఆ పరుగు పడుతుంది, గెలుపు పరుగు అదే అయితే ఓటమి కూడా అతని పేరునే రాస్తారు. కిమ్ పరుగెత్తింది ఎడ్మన్ బదులు. ఎడ్మన్‌ను ఎక్కించింది లుజార్డో. కాబట్టి ఆ రాత్రి స్కోర్‌షీట్‌లో ఓడిన పిచ్చర్ లుజార్డో. ఊరంతా కెర్కరింగ్‌ను దులిపేస్తుంటే లెక్కల పుస్తకంలో ఓటమి ఇంకొకరి పేరున ఉంది. నేనేమీ ఇప్పుడు లుజార్డోను తిట్టమని అనడం లేదు, అతను ఆ రోజు ప్రాణం పెట్టి వేశాడు. కెర్కరింగ్ తప్పు చేయలేదనీ అనను, ఆ త్రో తప్పే, స్కూలు పిల్లలకి కూడా మొదట నేర్పే పాఠం అది. నేను చెప్పేది ఏమిటంటే ఆ త్రో పదకొండు ఇన్నింగ్స్ ఆటలో ఆఖరి క్షణం, ఆఖరి క్షణం కాబట్టే అందరి కళ్లలో పడింది. పదకొండు ఇన్నింగ్స్‌లో మన బ్యాటర్లు చేసింది ఒక్క పరుగు. రోకి ససాకి అనే కుర్రాడు అవతలి బుల్‌పెన్ (రిలీఫ్ పిచ్చర్లు వేచి ఉండే చోటు) నుంచి వచ్చి మూడు ఇన్నింగ్స్ వేస్తే మనవాళ్లు ఒక్కడంటే ఒక్కడు బేస్ ఎక్కలేదు, తొమ్మిది మంది వచ్చారు, తొమ్మిది మందీ అవుటై పోయారు. హార్పర్, టర్నర్, ష్వార్బర్, వీళ్ల జీతాలు కలిపితే ఎన్ని కోట్లో, వాళ్ల పేర్లు ఎవరి నోటా రాలేదు!

క్రికెట్ మాత్రమే తెలిసిన పాఠకుల కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది అర్థమైతేనే రిలీఫ్ పిచ్చర్ బాధ అర్థమవుతుంది. స్టార్టర్ ఐదారు ఇన్నింగ్స్ వేస్తాడు, బాగా వేస్తే ఏడు. ఆ తర్వాత మిగిలింది బుల్‌పెన్ వాళ్ల బాధ్యత, ఏడెనిమిది మంది ఉంటారు. అందులో ఆఖరి ఇన్నింగ్స్ వేసేవాణ్ణి క్లోజర్ అంటారు, పేరు, డబ్బు, మ్యూజిక్ అన్నీ అతనికే. మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్ మోసేవాళ్లు వేరే. మన డెత్ ఓవర్ల బౌలర్‌తో పోల్చుకోవచ్చు గానీ ఒక పెద్ద తేడా ఉంది. క్రికెట్లో బౌలర్ ఎక్కువ పరుగులిస్తే పక్కన పెట్టి మళ్లీ తేవచ్చు. ఇక్కడ ఒకసారి మౌండ్ (పిచ్చర్ నిలబడి బంతి వేసే దిబ్బ) దిగితే ఆ మ్యాచ్‌లో మళ్లీ ఎక్కడానికి లేదు. హైదరాబాద్ సిరాజ్‌నే చూడండి. ఈ ఆగస్టులో ఓవల్ టెస్టులో హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు, బ్రూక్ సెంచరీ కొట్టాడు, ఆ రాత్రి సిరాజ్‌ను ఎంతమంది ఏమన్నారో మీకూ తెలుసు. మర్నాడు పొద్దున్నే బంతి మళ్లీ అతని చేతికి ఇచ్చారు, అట్కిన్సన్‌ను బౌల్డ్ చేసి 6 పరుగులతో మ్యాచ్ గెలిపించాడు, అందరూ ఎత్తుకున్నారు. కెర్కరింగ్‌కి ఆ మర్నాడు లేదు. ఆ త్రో తర్వాత మళ్లీ బంతి పట్టాలంటే ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలయ్యేదాకా ఆగాలి, చలికాలమంతా ఆ ఒక్క వీడియోనే అందరూ తిప్పి తిప్పి చూస్తారు.

ఇంకొకటి కూడా ఉంది, టీవీలో కనపడదు. మా సిటిజన్స్ బ్యాంక్ పార్క్‌లో మైదానం కుడి-మధ్య భాగంలో గోడ వెనక రెండు బుల్‌పెన్‌లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆట మొదలవ్వకముందే వెళ్లి ఆ రెయిలింగ్ దగ్గర నిలబడటం నాకు ఇష్టం. ఆరో ఇన్నింగ్స్ నడుస్తుంటే లోపల ఫోన్ మోగుతుంది. కోచ్ రెండు ముక్కలు విని ఒక పేరు చెబుతాడు. అప్పటిదాకా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కబుర్లు చెప్పుకుంటున్నవాడు జాకెట్ విప్పి లేస్తాడు. మొదటి బంతులు తేలిగ్గా వేస్తాడు, ఐదారు అయ్యేసరికి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు మారిపోతుంది, పక్కవాళ్ల మాటలు వినపడవు. పూర్తిగా వేడెక్కి చెమటలు పట్టాక స్టార్టర్ ఎలాగో ఆ ఇన్నింగ్స్ గట్టెక్కిస్తాడు, ఫోన్ మళ్లీ మోగుతుంది, ఇతను కూర్చుంటాడు. ఒక్కోరోజు ఇలా రెండుసార్లు లేచి కూర్చునేవాళ్లను చూశాను. ఆ బంతులు ఏ లెక్కలోకీ రావు. మర్నాడు అదే భుజంతో వచ్చి రెండు పరుగులు ఇచ్చుకుంటే మాత్రం పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు. వరసగా రెండు మ్యాచ్‌లు అటు ఇటు అయిందా, అలెన్‌టౌన్‌లో మా కింది స్థాయి జట్టు లీహై వ్యాలీ ఐరన్‌పిగ్స్‌కి టికెట్టు.

ఈ జట్టుతో నాకు దొరికిన సంతోషాలూ తక్కువేమీ కాదు, అవీ చెప్పాలి. 2008. బ్రాడ్ లిడ్జ్ అనే క్లోజర్. 2005లో హ్యూస్టన్‌కి ఆడుతున్నప్పుడు ఆల్బర్ట్ పుజోల్స్ చేతిలో ఒక హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) తిన్నాడు, ఆ దెబ్బతో పనైపోయిందని అందరూ అన్నారు. మావాళ్లు తెచ్చుకున్నారు. ఆ ఏడాది సీజన్లో 41 సార్లు ఆధిక్యం అతని చేతిలో పెడితే 41 సార్లూ నిలబెట్టాడు, ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే ఆటల్లో, ఇంకో 7కి 7. ఒక్కసారి కూడా జారలేదు! మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్ దాటిందంటే ఇంట్లో వంట సామాన్లు సర్దేసుకునేవాళ్లం, అంత ధీమా. అక్టోబరు 29న టంపా బే మీద ఎరిక్ హిన్స్కీని స్లైడర్ అనే పక్కకు తిరిగే బంతితో స్ట్రైకౌట్ (బంతి కొట్టనివ్వకుండా అవుట్) చేసి మోకాళ్ల మీద కూలబడి చేతులు పైకెత్తాడు, క్యాచర్ కార్లోస్ రూయిజ్ పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, ఈ ఊరికి 1980 తర్వాత మళ్లీ వరల్డ్ సిరీస్, అంటే ఈ ఆటలో అతిపెద్ద టైటిల్, వచ్చింది. ఆ ఫొటో ఇప్పటికీ ఇక్కడ బార్బర్ షాపుల్లో, పిజ్జా షాపుల్లో కనపడుతుంది.

కానీ ఆ ఫొటోలో లేనివాళ్ల సంగతి. ఆ మ్యాచ్ వాన వల్ల మధ్యలో ఆగి రెండు రోజుల తర్వాత మళ్లీ మొదలైంది. ఏడో ఇన్నింగ్స్‌లో రయన్ మ్యాడ్సన్ మీద రాకో బాల్డెల్లీ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. జె.సి. రొమేరో వచ్చి ఆ మంట ఆర్పి ఎనిమిదో ఇన్నింగ్స్ కూడా దాటించాడు, ఆ గెలుపు అతని పేరునే ఉంది. ఎంతమందికి గుర్తుంది? మ్యాడ్సన్, రొమేరో, చాడ్ డర్బిన్, స్కాట్ అయిర్, వీళ్లందర్నీ కలిపి ఆ ఏడు 'బ్రిడ్జ్ టు లిడ్జ్' అనేవాళ్లు. లిడ్జ్ దాకా ఆటను చేర్చింది వాళ్లే. మ్యాడ్సన్ ఆ రోజు హోమ్ రన్ ఇచ్చినా ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే జట్టు గెలిచింది. ఆ తర్వాత రొమేరో కూడా తడబడి ఉంటే ఈ ఊరు మ్యాడ్సన్ పేరు ఇవాళ్టికీ వదిలేది కాదు.

మరుసటి ఏడే అదే లిడ్జ్. 2009లో 8 మ్యాచ్‌లు ఓడాడు, ఒక్కటీ గెలవలేదు, 11 సార్లు ఆధిక్యం పోగొట్టాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు 7.21. మోకాలు బాగోలేదు, మోచెయ్యి బాగోలేదు. ఏడాది ముందు భుజాల మీద మోసినవాళ్లే అతను గేటు తీసుకుని వస్తుంటే మూలిగేవాళ్లు, నా చెవులతో విన్నాను. ఆ ఏడు వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో యాంకీస్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దర్ని అవుట్ చేశాడు, ఇంకొక్క స్ట్రైక్ పడితే ఆ ఇన్నింగ్స్ అయిపోయేది, జానీ డామన్ బంతి మీద బంతి ఆపుతూ ఆపుతూ చివరికి సింగిల్ కొట్టాడు. తర్వాత ఒకే బంతికి రెండు బేసులు దొంగిలించాడు. మూడో బేస్ దగ్గర మనవాడెవడూ లేడు, అందరూ అటు పక్కకి జరిగి నిలబడ్డారు. అది ఫీల్డింగ్ అమరికలో లోపం, జట్టుది. కానీ ఓటమి లిడ్జ్ మీద పడింది.

ఈ ఊళ్లో ఈ జబ్బు పాతదే. 1993 వరల్డ్ సిరీస్ టొరంటోతో. మిచ్ విలియమ్స్ ఆ సీజన్‌లో 43 సేవ్‌లు (ఆధిక్యం నిలబెట్టి ముగించిన మ్యాచ్‌లు) చేసినవాడు. ఆరో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 6-5 ఆధిక్యంతో వచ్చి జో కార్టర్‌కి హోమ్ రన్ ఇచ్చాడు, సిరీస్ అక్కడే అయిపోయింది. ఆ సిరీస్ జరుగుతుండగానే అతన్ని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఒక ఆటగాడికి, ఆట ఓడినందుకు! అతను దాక్కోలేదు, విలేకర్లు అడిగినన్ని ప్రశ్నలకూ నిలబడి జవాబు చెప్పాడు. డిసెంబరు వచ్చేసరికి జట్టు అతన్ని హ్యూస్టన్‌కి పంపేసింది. మా ఆఫీసులో ఆ రోజులు చూసిన పెద్దాయన ఒకరు ఉన్నారు, ఇప్పటికీ ఆ పేరు ఎత్తితే ఆయన మొహం మాడిపోతుంది. నాలుగో మ్యాచ్‌లో మన బుల్‌పెన్ మొత్తం కలిసి పోగొట్టిన ఆధిక్యం గురించి అడిగితే గుర్తులేదు. ఆ మ్యాచ్ 15-14తో ఓడారు, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

నిజానికి రిలీఫ్ పిచ్చర్‌ను మొట్టమొదట గౌరవించిన ఊళ్లలో మాది ఒకటి. 1950లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఫిలీస్‌కి రిలీఫ్ వేసిన జిమ్ కాన్‌స్టాంటీకి వచ్చింది, అప్పటిదాకా ఆ అవార్డు ఏ రిలీఫ్ పిచ్చర్‌కీ రాలేదు. అప్పుడు సేవ్ అనే లెక్కే అధికారికంగా లేదు, అది 1969లో వచ్చింది. జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ అనే షికాగో విలేకరి, రిలీఫ్ వాళ్లకు తగిన గుర్తింపు లేదనే బాధతోనే ఆ లెక్కను తయారుచేశాడు. చివరికి ఆ లెక్క చేసింది మాత్రం వేరు. మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి ఆఖరి ఇన్నింగ్స్ ముగిస్తే సేవ్. దాంతో మేనేజర్లు బెస్ట్ పిచ్చర్‌ని ఆఖరి ఇన్నింగ్స్ కోసం దాచుకోవడం మొదలుపెట్టారు. ఆట మాత్రం చాలాసార్లు ఏడులోనే పోతుంది.

ఫిలీస్ గత కొన్నేళ్లుగా ఎక్కడెక్కడ పోగొట్టుకున్నారో చూస్తే తెలుస్తుంది. 2022 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, హ్యూస్టన్‌లో, ఆరో ఇన్నింగ్స్, 1-0 ఆధిక్యం. జాక్ వీలర్ 70 బంతులే వేశాడు, అద్భుతంగా వేస్తున్నాడు, ఇద్దరు బేసుల మీద ఉన్నారని దించేసి హొసే అల్వరాడోను తెచ్చారు. యోర్డాన్ అల్వరెజ్ కొట్టిన దెబ్బ 450 అడుగులు పోయింది. ఇక్కడా అంతే, స్కోర్‌షీట్‌లో ఓటమి వీలర్ పేరున, జనం నోట్లో అల్వరాడో పేరు. 2023లో అరిజోనాతో రెండు మ్యాచ్‌లు గెలిచి ముందున్నాం, కెరీర్‌లో 400 సేవ్‌లు ఆ ఏడాదే దాటిన క్రెయిగ్ కింబ్రెల్, ముందుకు వంగి కుడి చెయ్యి పక్కకు వేలాడదీసి క్యాచర్ వైపు చూస్తాడు కదా ఆయనే, మూడో మ్యాచ్ తొమ్మిదిలో ఓడాడు, నాలుగో మ్యాచ్ ఎనిమిదిలో అలెక్ థామస్‌కి రెండు పరుగుల హోమ్ రన్ ఇచ్చాడు. 2024లో మెట్స్‌తో మొదటి మ్యాచ్, వీలర్ ఏడు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చి 1-0తో వదిలితే ఎనిమిదిలో బుల్‌పెన్ వచ్చి 5 పరుగులు ఇచ్చింది. నాలుగో మ్యాచ్ ఆరో ఇన్నింగ్స్‌లో జెఫ్ హాఫ్‌మన్ బేసులు నింపి వదిలాక కార్లోస్ ఎస్తెవెజ్ వచ్చాడు, ఫ్రాన్సిస్కో లిండోర్ గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. ఈ అక్టోబరులో డాడ్జర్స్‌తో మొదటి మ్యాచ్, 3-0 ఆధిక్యం కరిగి 3-2 అయ్యాక ఏడో ఇన్నింగ్స్‌లో డేవిడ్ రాబర్ట్‌సన్ ఇద్దర్ని ఎక్కించి వెళ్లాడు, మ్యాట్ స్ట్రామ్ వచ్చి ఒహ్తానీనీ బెట్స్‌నీ అవుట్ చేశాడు, ఇంకొక్కడు అనుకునేలోగా తెయోస్కార్ హెర్నాండెజ్ మూడు పరుగుల హోమ్ రన్. మర్నాడు స్ట్రామ్‌ను అందరూ తిట్టారు. ఒహ్తానీని అవుట్ చేసిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

2020 గురించి ఎక్కువ రాయను. కరోనా ఏడాది, స్టేడియంలో మనుషుల బదులు అట్టబొమ్మలు, బుల్‌పెన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు 7.06, ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్ పోయింది.

మేనేజర్ థామ్సన్‌ను కూడా అందరూ ఆడిపోసుకుంటున్నారు గానీ, అక్టోబరు 9 నాటి ఈ నాలుగో మ్యాచ్‌లో ఆయన చేసింది నాకు నచ్చింది. జులై ఆఖర్లో మిన్నెసోటా నుంచి ఇద్దరు మంచి కుర్రాళ్లను ఇచ్చి జోవాన్ డురాన్‌ను తెచ్చారు. 100 మైళ్లు దాటి, అంటే గంటకు 160 కిలోమీటర్లకు పైన, వేసే మనిషి. అతను వస్తుంటే స్టేడియంలో లైట్లు ఆర్పేస్తారు, స్క్రీన్ల నిండా మంటలు, నలభై వేల మంది నిలబడతారు, మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. అలాంటి క్లోజర్‌ను ఆఖరికి దాచకుండా ఏడో ఇన్నింగ్స్‌లోనే, బేసుల మీద మనుషులు ఉండగా, 1-0 ఆధిక్యం నిలబెట్టడానికి తెచ్చాడు. ఆట అక్కడే తేలబోతోందని గ్రహించాడు కాబట్టి. పని చేయలేదు, బేసులు నిండి ఉండగా డురాన్ మూకీ బెట్స్‌ను వాక్‌గా వదిలాడు, దాంతో మూడో బేస్ మీదివాడు ఊరికే ప్లేట్ దాటాడు, స్కోరు సమమైంది. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. ఫలితం చెడింది కాబట్టి ఆలోచన కూడా చెడ్డది అనడం ఈ ఊళ్లో రేడియో వాళ్లకు అలవాటు, మనం కూడా అదే పాట అందుకోవాలా? చూడండి, సమం చేసిన ఆ పరుగు వచ్చింది డురాన్ వేస్తుండగానే. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే ఆ తర్వాత ఇంకా నాలుగు ఇన్నింగ్స్ ఆట ఉంది, ఆఖర్న నిలబడ్డవాడు ఇంకొకడు.

ఈ తిట్లు ఇంతలా పెరగడానికి బెట్టింగ్ కూడా కారణమని నా గట్టి నమ్మకం. పెన్సిల్వేనియాలో అది చట్టబద్ధం, ఫోన్లో యాప్ తీసి నొక్కడమే. ఆటలో డబ్బు చేతులు మారేది ఎక్కువగా ఆఖర్లోనే, ఆ ఆఖర్లో బంతి ఉండేది రిలీఫ్ పిచ్చర్ చేతిలో. ఈ మే నెలలో బోస్టన్ రిలీఫ్ పిచ్చర్ లియమ్ హెండ్రిక్స్, తననీ తన భార్యనీ చంపుతామని కూడా మెసేజ్‌లు పెడుతున్నారని బయటికి చెప్పుకున్నాడు. అతను క్యాన్సర్ నుంచి కోలుకుని వచ్చి ఆడుతున్న మనిషి. బెట్టింగ్ యాప్‌లు ఎన్ని కుటుంబాలను రోడ్డున పడేశాయో రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మన పిల్లలు, కాలేజీలో చదువుతున్నవాళ్లు, ఫిలీస్ మీద పందేలు కాస్తున్నారు, ఓడితే ఆటగాడి పేజీలోకి వెళ్లి నోటికొచ్చింది రాస్తున్నారు. తల్లిదండ్రులు ఒకసారి అడిగి చూడాలి.

కెర్కరింగ్ గురించి ఇంకొక్క మాట. 2023 మొదట్లో అతను మైనర్ లీగుల్లో అట్టడుగు మెట్టు మీద ఉన్నాడు. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు మెట్లూ ఎక్కి సెప్టెంబరుకి ఫిలడెల్ఫియా వచ్చాడు. మొదటి మ్యాచ్ వేస్తుంటే కెమెరా వాళ్ల నాన్న మీదికి వెళ్లింది. సైన్యంలో, మెరైన్స్‌లో, పనిచేసి రిటైరైన మనిషి, గట్టివాడు, కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ రాత్రి నేను టీవీ ముందు ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను. ఈ రెండేళ్లలో ఆ కుర్రాడు మా జట్టును ఏడో ఇన్నింగ్స్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎన్నోసార్లు గట్టెక్కించాడు, వేరేవాళ్లు ఎక్కించిపోయిన మనుషుల్ని బేసుల మీదే నిలబెట్టేశాడు. అవి వార్తలు కాలేదు, ఎందుకంటే పరుగు రాకపోతే స్కోరు మారదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. 2028లో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌కి క్రికెట్, బేస్‌బాల్ రెండూ వస్తున్నాయి. ఇక ఈ ఆట గురించి తెలుగులో రాయాల్సిన అవసరం పెరుగుతుంది, మీ పాఠకుల పిల్లలు ఎంతోమంది ఇక్కడే ఉన్నారు, 2023లో తానా మహాసభలు మా ఫిలడెల్ఫియాలోనే జరిగాయి. రాసేటప్పుడు ఆఖరి బంతి వేసినవాడితో ఆపకండి. బేసుల మీదికి ఎవరు ఎక్కించారు, స్టార్టర్ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, మధ్యలో ఎవరు నిలబెట్టారు, బ్యాటర్లు ఏం చేశారు, ఈ నాలుగూ ఒక్కో ముక్కలో చెప్పినా చాలు. చోటు లేకపోతే కనీసం ఓటమి ఏ పిచ్చర్ పేరున నమోదైందో ఆ ఒక్క పేరు వేయండి.

ఇది చదివే మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు, ఎక్స్‌టన్, మాల్వర్న్, కింగ్ ఆఫ్ ప్రష్యా వాళ్లకు, ఒక విన్నపం. 2023 ఆగస్టు 4న ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ట్రే టర్నర్ సీజనంతా ఘోరంగా ఆడుతున్నాడు, ఊరంతా తిడుతుందని అనుకుంటే ఆ రోజు స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతను అక్కడి నుంచి మళ్లీ ఆటలో పడ్డాడు, తర్వాత ఊళ్లో బిల్‌బోర్డుల మీద జనానికి థాంక్స్ కూడా చెప్పాడు. ఆ చప్పట్లు ఒక రిలీఫ్ పిచ్చర్‌కి ఈ ఊళ్లో నేనింతవరకు చూడలేదు. వచ్చే సీజన్లో మన గ్రౌండ్‌లో కెర్కరింగ్ మొదటిసారి బుల్‌పెన్ గేటు తెరుచుకుని వచ్చే రోజున మీరెక్కడ కూర్చున్నా లేచి నిలబడండి. మేం నలుగురం ఏప్రిల్ టికెట్లు ఇప్పటికే తీసుకున్నాం, బుల్‌పెన్ పక్కనే. ఇంకెవరైనా వస్తామంటే కలిసి వెళ్దాం, కార్లో చోటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫిలీస్ అభిమాని
ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా